హెడ్‌లైట్ బల్బులు: వెలుగెంత, వేడెంత?

గత రెండు నెలల్లో ఈ శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా హెడ్‌లైట్ల గురించే ఉన్నాయి. హాలోజెన్ మంచిదా, ఎల్ఈడీ మంచిదా, ఏది ఎక్కువ వేడెక్కుతుంది, ఏది దూరం చూపిస్తుంది అన్నవే అందరి సందేహాలు. ఒకరి ప్రశ్నకు జవాబు మరొకరి ప్రశ్నతో ముడిపడి ఉన్నందున ఈ సంచికలో ఆ ఉత్తరాలకే చోటు కేటాయించాను.

ప్రశ్న: నా చిన్న కారుకు కంపెనీ నుంచి హెచ్4 (హై బీమ్, డిమ్ రెండూ ఒకే బల్బులో ఉండే రకం) హాలోజెన్ బల్బులు వచ్చాయి. దుకాణంలో ఎల్ఈడీ బల్బు వెలిగించి, "దీనికి వేడే ఉండదు, కావాలంటే అద్దం మీద చెయ్యి పెట్టి చూడండి" అన్నారు. నిజంగానే అద్దం చల్లగా ఉంది. బిగించుకుని ఇంటికి వచ్చాక బానెట్ ఎత్తి బల్బు వెనక భాగం తాకితే వేలు చురుక్కుమంది. ఇంతకీ ఎల్ఈడీ వేడెక్కుతుందా, ఎక్కదా? (ఒక ఉపాధ్యాయుడు, సూర్యాపేట)

జవాబు: దుకాణంలో చూపించినదీ నిజమే, మీ వేలికి తగిలినదీ నిజమే. బల్బులో ఎంత వేడి పుడుతుందన్నది ఒక సంగతి, ఆ వేడి ఏ దారిన బయటికి పోతుందన్నది వేరే సంగతి. ఈ రెండింటినీ కలిపి చూడడం వల్లనే ఇంత గందరగోళం.

ముందు హాలోజెన్ సంగతి చూద్దాం. అందులో ఉండేది టంగ్‌స్టన్ తీగ. ఆ లోహం కరిగే ఉష్ణోగ్రత 3,422 డిగ్రీల సెల్సియస్ కాగా, హెడ్‌లైట్ బల్బులో తీగ సుమారు 2,900 డిగ్రీల దగ్గర వెలుగుతుంది. అంత వేడిలో తీగ నుంచి లోహపు అణువులు ఆవిరై లేచి, గాజుకు అంటుకుని దాన్ని నల్లబరచాలి. మామూలు బల్బుల్లో జరిగేది అదే. హాలోజెన్ బల్బులో మాత్రం, లోపల నింపిన అయోడిన్ లేదా బ్రోమిన్ ఆ అణువులను పట్టుకుని తిరిగి తీగ దగ్గరికి చేరుస్తుంది. అయితే ఈ రాకపోకలు సాగాలంటే బల్బు గోడ కనీసం 250 డిగ్రీలైనా వేడిగా ఉండాలి. అందుకే హాలోజెన్ బల్బును చిన్నదిగా, వేడికి తట్టుకునే క్వార్ట్జ్ గాజుతో చేస్తారు. అంటే హాలోజెన్ బల్బుకు వేడి అక్కరలేని భారం కాదు, అది పనిచేయడానికే వేడి కావాలి. బల్బు మార్చేటప్పుడు గాజును వట్టి చేత్తో ముట్టవద్దని చెప్పేదీ అందుకే. వేలి జిడ్డు అంటిన చోట గాజు పాడై, కొన్నాళ్ళకు అక్కడే పగులుతుంది.

ఈ బల్బు తీసుకునే కరెంటులో కంటికి కనిపించే వెలుగుగా మారేది పదో వంతులోపే. మిగిలినదంతా వేడే అయినా, దానిలో చాలా భాగం కంటికి కనిపించని పరారుణ కిరణాల రూపంలో వెలుగుతోపాటే ముందుకు పోతుంది. బల్బు చుట్టూ ఉండే మెరిసే గిన్నె, అంటే రిఫ్లెక్టర్, వెలుగును ఎలా మళ్ళిస్తుందో ఆ కిరణాలనూ అలాగే మళ్ళిస్తుంది. అవి తగిలి ముందున్న అద్దం కాగుతుంది.

ఎల్ఈడీ దారి పూర్తిగా వేరు. అది తీసుకునే కరెంటులో మూడో వంతు అటూ ఇటూగా వెలుగవుతుంది, తక్కినది చిప్పులోనే వేడిగా మిగులుతుంది. ఎల్ఈడీ వెలుగులో పరారుణ కిరణాలు దాదాపు ఉండవు కనుక ఆ వేడి ముందుకు పోలేదు. చిప్పు అడుగు నుంచి రాగి పట్టీలోకి, అక్కడి నుంచి వెనకనున్న అల్యూమినియం రెక్కల్లోకి, అక్కడి నుంచి ఫ్యాను గాలిలోకి పోవాలి. 25 వాట్ల ఎల్ఈడీ బల్బులో 16 లేదా 17 వాట్ల వేడి గోరంత చిప్పుల్లో పుట్టి, బొటనవేలంత లోహం గుండా బయటపడుతుంది. మీ వేలు తాకింది ఆ లోహాన్నే. లెక్క తీస్తే 60 వాట్ల హాలోజెన్‌లో పుట్టే వేడి దీనికి మూడు రెట్లకు పైనే ఉంటుంది, కానీ దానికి ముందు అద్దమంత వెడల్పైన దారి ఉంది. ఎల్ఈడీ వేడి తక్కువే అయినా దాని దారి ఇరుకు.

హాలోజెన్ తీగకు వేడి మేలు చేస్తే, ఎల్ఈడీ చిప్పుకు కీడు చేస్తుంది. చిప్పు వేడెక్కేకొద్దీ వెలుగు తగ్గుతుంది, ఆయుష్షూ తరుగుతుంది. కొంచెం మెరుగైన బల్బుల్లో చిప్పు మరీ కాగినప్పుడు కరెంటును తగ్గించే ఏర్పాటు ఉంటుంది. అందువల్ల దుకాణంలో మొదటి నిమిషంలో కనిపించిన వెలుగు, అరగంట నడిపిన తర్వాత ఉండే వెలుగు ఒకటి కావు. మే నెలలో రామగుండం వైపు పగటి ఎండ 45 డిగ్రీలు దాటిన రోజున, రాత్రి తొమ్మిదింటికి కూడా ఇంజను గది నిప్పుల గుండంలా ఉన్నప్పుడు, ఆ చిన్న ఫ్యాను చల్లగాలి ఎక్కడి నుంచి తెస్తుంది? దానికి తోడు హెడ్‌లైట్ వెనక తొడిగే రబ్బరు మూత ఒకటుంది. అది తొడిగితే ఫ్యానుకు గాలి అందదు, తీసేస్తే దుమ్మూ తేమా లోపలికి పోయి రిఫ్లెక్టర్ మసకబారుతుంది. మన మట్టిరోడ్ల దుమ్ముకు ఆ ఫ్యాను బేరింగు బిగుసుకుపోవడం నేను చాలా బల్బుల్లో చూశాను.

వేడిని మీరే కొలవాలనుకుంటే ఒక జాగ్రత్త చెప్పాలి. దూరం నుంచి ఉష్ణోగ్రత చూపించే పరారుణ థర్మామీటరును మెరిసే అల్యూమినియం రెక్కల మీదికి గురిపెడితే అసలు కన్నా బాగా తక్కువ చూపిస్తుంది, ఎందుకంటే మెరిసే లోహం వేడిని కిరణాలుగా సరిగా వదలదు. రెక్క మీద నల్లటి ఇన్సులేషన్ టేపు ముక్క అంటించి, రెండు నిమిషాలు ఆగి, ఆ టేపు మీద కొలవండి. రెండు అంకెలకూ ఉన్న తేడా మీకే తెలుస్తుంది.

ఇక పనితనం. ల్యూమెన్ అంటే వెలుగు పరిమాణానికి కొలత. అట్ట పెట్టె మీద 12,000 ల్యూమెన్లు, 20,000 ల్యూమెన్లు అని రాసి ఉంటే నమ్మకండి. మంచి చిప్పు వాట్‌కు 100 నుంచి 150 ల్యూమెన్ల వరకు ఇస్తుంది. ఆ లెక్కన 25 వాట్లకు 2,500 నుంచి 3,750, అదీ వేడి వల్లా, లోపల అడ్డు తగలడం వల్లా పోయేది తీసివేయకముందు. ప్రమాణాల ప్రకారం హెచ్4 హాలోజెన్ 13.2 వోల్టుల దగ్గర హై బీమ్‌లో 1,650, డిమ్‌లో 1,000 ల్యూమెన్లు ఇస్తుంది. అంటే మంచి ఎల్ఈడీ బల్బు వెలుగు ఎక్కువే, కాదనను. ఆ వెలుగు ఎక్కడ పడుతుందన్నదే అసలు చిక్కు.

మీ పాత హెచ్4 బల్బును ఒకసారి వెలుతురులో పెట్టి చూడండి. లోపల రెండు తీగలుంటాయి. డిమ్ తీగ కింద దోసిలి పట్టినట్టు చిన్న లోహపు గిన్నె కనిపిస్తుంది. ఆ గిన్నె కిందికి పోయే వెలుగును ఆపి, పైసగం రిఫ్లెక్టర్ మీద మాత్రమే పడనిస్తుంది, అది రోడ్డు మీదికి వాలుతుంది. గిన్నె అంచు ఒక పక్క 15 డిగ్రీలు వాలి ఉండడం వల్లనే మనకు ఎడమవైపు రోడ్డంచు కొంచెం ఎక్కువ దూరం కనిపిస్తుంది. రిఫ్లెక్టర్‌లోని ప్రతి వంపునూ ఆ సన్నటి తీగ ఉండే చోటును బట్టి గీశారు. తీగ నుంచి వెలుగు చుట్టూరా వస్తే, ఎల్ఈడీలో పట్టీకి ఆ పక్క కొన్ని, ఈ పక్క కొన్ని చిప్పులుండి, మధ్యలో పట్టీ మందం అడ్డు నిలుస్తుంది. ఆ మందం ఒకటి రెండు మిల్లీమీటర్లు తేడా వచ్చినా, రోడ్డు మీద పడవలసిన వెలుగు ఎదుటివాడి కంట్లో పడుతుంది. మనకేమో బండి ముందు పది మీటర్ల నేల తెల్లగా మెరిసి, "అబ్బ, ఎంత వెలుగు!" అనిపిస్తుంది. అంత దగ్గరి మెరుపుకు అలవాటుపడిన కంటికి దూరాన ఉన్న గేదె కనిపించదు.

కాబట్టి మీ ప్రశ్నకు నా సలహా ఇది: మీ కారుకు రిఫ్లెక్టర్ హెడ్‌లైట్లున్నాయి గనుక మంచి కంపెనీ 60/55 వాట్ల (హై బీమ్‌కు 60, డిమ్‌కు 55) హాలోజెన్‌కే తిరిగి మారండి. కంపెనీయే ఎల్ఈడీ కోసం తయారుచేసిన హెడ్‌లైట్ల మాట వేరు. వాటిలో చిప్పు, రిఫ్లెక్టరు, వేడి పోయే లోహం మూడింటినీ కలిపి రూపొందిస్తారు కాబట్టి వెలుగులోనూ, మన్నికలోనూ హాలోజెన్ వాటికి సాటిరాదు. ఈ తేడాను దుకాణాల వారు చెప్పకపోవడమే నాకు బాధ కలిగించే విషయం.

ప్రశ్న: నేను కర్నూలు, హైదరాబాద్ మధ్య టాక్సీ నడుపుతాను. వెలుగు చాలక 100/90 వాట్ల హాలోజెన్ బల్బులు వేయించాను. మొదట్లో బాగానే ఉంది. ఆరు నెలలకు ఒక పక్క హోల్డరు కరిగిపోయింది. బల్బు నాసిరకమా, వైరింగు తప్పా? (ఒక డ్రైవర్ సోదరుడు)

జవాబు: బల్బు మంచిదే అయి ఉండవచ్చు. మీ బండి వైరింగు ఆ బల్బు కోసం వేసింది కాదు. ఈ అనుభవం నాకూ ఉంది. చాలా ఏళ్ళ కిందట ఒక దుకాణంలో ఇలాంటి బల్బులే బిగించి, "వైరింగుకు ఏం కాదు సార్" అని పంపించారు. కొన్ని వారాల తర్వాత రాత్రి ప్రయాణంలో కారులో కాలిన వాసన వస్తే ఆగి చూశాను. బల్బు కప్లరు ప్లాస్టిక్ గోధుమరంగుకు మారి పొడిపొడిగా రాలింది, లోపలి ఇత్తడి పిన్నులు నీలం తిరిగాయి, వాటికి వచ్చే వైరు పైతొడుగు ఎండు కొమ్మలా విరిగింది. ఇంకో గంట నడిపి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ గుండె జల్లుమంటుంది.

కారణం లెక్కలో ఉంది. వైరులో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 60 వాట్ల చోట 100 వాట్లు పెడితే కరెంటు 1.67 రెట్లు అవుతుంది, వైరులోనూ, స్విచ్చులోనూ, పిన్నుల దగ్గరా పుట్టే వేడి సుమారు 2.8 రెట్లు అవుతుంది. పాత మోడళ్ళలో చాలావాటికి హెడ్‌లైట్ కరెంటంతా స్టీరింగ్ పక్కనున్న స్విచ్చు గుండానే పోతుంది. వేడి మొదట దెబ్బతీసేది వదులుగా ఉన్న పిన్నును. అది వదులైనకొద్దీ ఇంకా కాగుతుంది, కాగినకొద్దీ ఇంకా వదులవుతుంది. దానికి తోడు బల్బు ముందుకు చిమ్మే అదనపు వేడికి రిఫ్లెక్టర్ మీది అల్యూమినియం పూత మసకబారి, ప్లాస్టిక్ అద్దం పసుపెక్కుతుంది. అప్పుడు మళ్ళీ మామూలు బల్బు వేసినా పాత వెలుగు రాదు.

మరి ఇంత వేడికి ప్రతిఫలంగా వెలుగైనా వస్తుందా అంటే, అనుకున్నంత రాదు. హాలోజెన్ వెలుగు వోల్టేజీకి సుమారు 3.4వ ఘాతంలో మారుతుంది, అంటే వోల్టేజీ పది శాతం పడిపోతే వెలుగు 30 శాతం పోతుంది. ఒక ఉదాహరణ తీసుకుందాం. బ్యాటరీ దగ్గర 13.2 వోల్టులుండి, 55 వాట్ల డిమ్ వెలిగినప్పుడు వైరులో 0.8 వోల్టులు పోతున్నాయనుకోండి. బల్బు తన పూర్తి వెలుగులో 81 శాతం మాత్రమే ఇస్తుంది. అదే వైరు మీద 90 వాట్లు వెలిగిస్తే 1.3 వోల్టులు పోయి, వెలుగు 70 శాతానికి దిగుతుంది. 90 వాట్లకు డబ్బిచ్చి, బ్యాటరీ మీదా డైనమో మీదా 90 వాట్ల భారం వేసి, చివరికి పొందేది సుమారు 63 వాట్ల వెలుగు.

ఇప్పుడు ఆ పాత 55 వాట్ల బల్బునే ఉంచి, వైరింగును సరిచేసి చూడండి. రెండు రిలేలు (స్వల్ప కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్చులు) పెట్టి, బ్యాటరీ నుంచి నేరుగా 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు లాగి, బ్యాటరీకి దగ్గరలో ఫ్యూజు వేసి, బల్బుల ఎర్తును గీకి శుభ్రం చేసిన బాడీ ఇనుముకు కొత్తగా బిగిస్తే, ఆ 0.8 వోల్టుల నష్టం 0.2కు దిగిరావచ్చు. అప్పుడు బల్బు 95 శాతం వెలుగిస్తుంది. అంటే ముందు కన్నా ఆరో వంతు వెలుగు ఎక్కువ. స్టీరింగ్ స్విచ్చుకు రిలేను తిప్పేంత స్వల్ప కరెంటే మిగులుతుంది కనుక దాని ఆయుష్షూ పెరుగుతుంది. హోల్డరు మార్చేటప్పుడు మామూలు ప్లాస్టిక్‌ది కాకుండా పింగాణీది అడిగి తీసుకోండి.

మీ బండిలో నష్టం ఎంతుందో తెలుసుకోవడానికి పెద్ద చదువు అక్కరలేదు. ఇంజను నడుస్తుండగా, లైట్లు వెలుగుతుండగా, మల్టీమీటరుతో బ్యాటరీ దగ్గర ఒకసారి, బల్బు వెనక పిన్నుల దగ్గర ఒకసారి కొలిచి చూడమని మీ ఎలక్ట్రీషియన్‌ను అడగండి. రెండింటి తేడా అర వోల్టు దాటితే బల్బు సంగతి తర్వాత, ముందు వైరింగు చూడాలి. లారీ నడిపే మిత్రులకూ ఒక మాట: 24 వోల్టుల బండ్లకు హెచ్4 బల్బు 75/70 వాట్లు ఉండేలా ప్రమాణాల్లోనే ఉంది. దాన్ని చూసి కార్లకు కూడా ఎక్కువ వాట్లు నప్పుతాయనుకోవద్దు.

ప్రశ్న: సెకండ్ హ్యాండ్‌లో కొన్న కారులో పాత యజమాని హెచ్ఐడీ కిట్టు పెట్టించాడు. వెలుగు బాగా తెల్లగా ఉంది కానీ స్విచ్ వేసిన వెంటనే రాదు. ఉంచుకోవచ్చా? (ఒక పాఠకుడు, హోసూరు)

జవాబు: హెచ్ఐడీ, అంటే జెనాన్ దీపం, ఇంజనీరింగ్ పరంగా గొప్ప వస్తువు. ఇందులో తీగ ఉండదు. రెండు మొనల మధ్య వాయువులో విద్యుత్ చాపం (ఆర్క్) వెలుగుతుంది. 1991లో బీఎండబ్ల్యూ 7 సిరీస్ కార్లతో ఇది రోడ్డెక్కింది. ప్రమాణాల ప్రకారం తయారైన డీ2ఎస్ రకం జెనాన్ దీపం 35 వాట్లతో సుమారు 3,200 ల్యూమెన్లు ఇస్తుంది. అంటే హాలోజెన్ కన్నా తక్కువ కరెంటుతో, తక్కువ వేడితో, రెండింతల వెలుగు. దీని గాజు కూడా విపరీతంగా కాగుతుంది గానీ, మొత్తం వేడి తక్కువ గనుక ముందున్న అద్దానికి అంత సెగ తగలదు. వాయువూ లోపలి లవణాలూ వేడెక్కి పూర్తి వెలుగు రావడానికి కొన్ని సెకన్లు పడుతుంది. మీరు గమనించిన ఆలస్యం అదే, లోపం కాదు.

అయితే ఇంత వెలుగును అదుపులో పెట్టడానికి యూరప్ నిబంధనలు ఒక షరతు పెట్టాయి. డిమ్ వెలుగు 2,000 ల్యూమెన్లు దాటితే అద్దాన్ని కడిగే ఏర్పాటూ, బండి వెనక బరువు పెరిగినప్పుడు వెలుగును తనంతట తానే కిందికి దించే ఏర్పాటూ ఉండాలి. అద్దం మీది దుమ్ము వెలుగును చెదరగొట్టి ఎదుటివారి కళ్ళలో కొడుతుందన్నదే దాని వెనకనున్న ఆలోచన. మీ కారులో ఈ రెండూ లేవు. హాలోజెన్ రిఫ్లెక్టర్‌లో చాపం పెడితే ఎదురొచ్చే వారికి ఏమీ కనిపించదు. కిట్టు తీసివేయించండి. దీపానికి కరెంటు అందించే పెట్టె, అంటే బ్యాలస్టు, నుంచి దీపం వెలిగే క్షణంలో 20,000 వోల్టుల స్థాయి విద్యుత్తు వస్తుంది గనుక, స్విచ్చు ఆపి, బ్యాటరీ వైరు తీసిన తర్వాతే అందులో చెయ్యి పెట్టాలి. మీరే చేసుకోకుండా తెలిసినవారితో చేయించండి. పగిలిన దీపాన్ని పారేసేటప్పుడు కూడా జాగ్రత్త, డీ1, డీ2 రకాల్లో పాదరసం ఉంటుంది.

ప్రశ్న: నా మోటార్ సైకిల్ 2012 నాటిది. ఎల్ఈడీ బల్బు వేస్తే ఇంజను నెమ్మదిగా తిరిగేటప్పుడు లైటు ఆరుతూ వెలుగుతూ ఉంది. బ్యాటరీకి నేరుగా కలిపితే సరిపోతుందని మెకానిక్ అంటున్నారు. (ఒక విద్యార్థి, సిరిసిల్ల)

జవాబు: కలపవద్దు. ఆ కాలపు బండ్లలో చాలావాటికి హెడ్‌లైట్ కరెంటు బ్యాటరీ నుంచి కాక నేరుగా ఇంజనుతోపాటు తిరిగి కరెంటు పుట్టించే మాగ్నెటో కాయిల్ నుంచి ఏసీ రూపంలో వస్తుంది. హాలోజెన్ తీగ ఒకసారి కాగిందంటే ఆ ఎగుడుదిగుళ్ళ మధ్య చల్లారే వ్యవధి ఉండదు కనుక వెలుగు నిలకడగా కనిపిస్తుంది. ఎల్ఈడీకి అలాంటి ఊపు ఉండదు, కరెంటు ఆగిన క్షణంలోనే ఆరిపోతుంది. బ్యాటరీకి కలిపితే వెలుగు నిలకడగా ఉంటుంది గానీ, ఆ మాగ్నెటోకు బ్యాటరీని ఛార్జ్ చేసే శక్తి తక్కువ. నాలుగు రాత్రులు తిరిగితే బ్యాటరీ డౌన్ అవుతుంది. మీ బండికి హెచ్ఎస్1 రకం బల్బు ఉంటే 35/35 వాట్లదే వాడండి, అది హై బీమ్‌లో 825, డిమ్‌లో 525 ల్యూమెన్లు ఇవ్వాలి. అంత రావడం లేదంటే హోల్డరు, ఎర్తు, రిఫ్లెక్టర్ మసక చూడాలి. 2017 ఏప్రిల్ 1 నుంచి కొత్త ద్విచక్ర వాహనాలన్నిటికీ ఇంజను నడిచినంతసేపూ హెడ్‌లైట్ వెలిగే ఏర్పాటు తప్పనిసరి అయింది. ఆ తర్వాత కంపెనీ ఎల్ఈడీతోనే వచ్చిన బండ్లకు ఈ సమస్య లేదు.

ప్రశ్న: మేము అమెరికాలో మిన్నెసోటాలో ఉంటున్నాం. కొత్త కారుకు ఎల్ఈడీ హెడ్‌లైట్లు. మంచు పడుతున్నప్పుడు నడిపితే అద్దాల మీద మంచు పేరుకుని వెలుగు పోతోంది. పాత కారుకు ఇలా జరిగేది కాదు. (ఒక పాఠకురాలు)

జవాబు: మొదటి జవాబులో చెప్పిన పరారుణ కిరణాలు మీ పాత కారులో అద్దం మీది మంచును కరిగించేవి. మాకు ఇక్కడ నష్టమైన వేడి మీకు అక్కడ లాభం. ఎల్ఈడీ తన వేడిని వెనక్కి వదులుతుంది కనుక అద్దం చల్లగానే ఉండి మంచు నిలుస్తుంది. ట్రాఫిక్ సిగ్నళ్ళను ఎల్ఈడీలకు మార్చినప్పుడు మీ చలి రాష్ట్రాల్లో ఇదే ఇబ్బంది ఎదురైంది. కొన్ని కార్లలో వెనకనున్న ఫ్యాను వేడిగాలిని అద్దం వైపు మళ్ళించే ఏర్పాటు, మరికొన్నిటిలో అద్దానికి హీటరు ఉన్నాయి. మీ కారులో అవి లేకపోతే ఆగిన ప్రతిచోటా చేత్తో తుడవడం తప్ప మార్గం లేదు. హాలోజెన్ బల్బు వేయాలని మాత్రం ప్రయత్నించవద్దు, ఆ హెడ్‌లైట్ అందుకు తయారుకాలేదు.

ప్రశ్న: నా వయసు 63. వానలో తెల్ల లైట్లతో రోడ్డు కనిపించడం లేదు. పసుపు లైట్లు పొగమంచును చీల్చుకుపోతాయంటారు, నిజమేనా? ఎదురొచ్చే తెల్ల లైట్లకు కళ్ళు చీకట్లు కమ్ముతున్నాయి. దీనికి చట్టం ఏమీ లేదా? (విశ్రాంత ఉద్యోగి, రాజమహేంద్రవరం)

జవాబు: మీ బాధ మీ ఒక్కరిదే కాదు. వయసుతోపాటు కంటి కటకం పసుపెక్కి, లోపలికి వచ్చే వెలుగును చెదరగొడుతుంది. శుక్లం మొదలైతే ఇంకా ఎక్కువ. నీలం పాలు ఎక్కువున్న తెల్లటి వెలుగు సూటిగా తగిలితే అసౌకర్యం మరీ ఎక్కువగా అనిపిస్తుంది. హాలోజెన్ వెలుగు సుమారు 3,200 కెల్విన్, జెనాన్ 4,300, మార్కెట్లో దొరికే ఎల్ఈడీ బల్బులు ఎక్కువగా 6,000 లేదా 6,500. ఈ అంకె వెలుగు రంగును చెబుతుంది, వెలుగు పరిమాణాన్ని కాదు. నీలం పూత పూసిన "వైట్" హాలోజెన్ బల్బులైతే ఆ పూత వెలుగులో కొంత భాగాన్ని మింగి తాను వేడెక్కుతుంది. వెలుగూ తగ్గె, వేడీ పెరిగె. వాటిని కొనకండి.

పసుపు రంగు పొగమంచును చీల్చుకుపోతుందన్నది చాలాకాలంగా ఉన్న నమ్మకం. ఫ్రాన్సులో 1993 వరకు పసుపు హెడ్‌లైట్లే తప్పనిసరిగా ఉండేవి. అయితే పొగమంచు బిందువులు వెలుగు తరంగం కన్నా చాలా పెద్దవి కనుక అవి ఏ రంగునైనా దాదాపు ఒకేలా చెదరగొడతాయి. ఫాగ్ లైటు పనిచేయడానికి కారణం దాని రంగు కన్నా అది కింద ఉండడం, పైకి చిమ్మకుండా వెడల్పుగా పరుచుకోవడం. పసుపు కంటికి హాయిగా ఉంటుందన్నది వేరే విషయం, ఆ మాట నేనూ ఒప్పుకుంటాను. ఇక వానలో తడిసిన తారు అద్దంలా మారి, మన వెలుగును ముందుకే జార్చేస్తుంది, మన కంటికి తిరిగి పంపదు. ఏ బల్బు వేసినా ఆ రాత్రి వెలుగు తక్కువే అనిపిస్తుంది. కారు ముందు అద్దాన్ని (విండ్‌షీల్డును) లోపలి వైపు కూడా తుడిపించండి. అక్కడ పేరుకునే సన్నటి జిడ్డు పొరను చాలామంది పట్టించుకోరు.

చట్టం ఉంది. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు 1989లో 106వ నిబంధన దీని గురించే. బండికి 8 మీటర్ల ముందు, కుడి అంచుకు అర మీటరు పక్కన, నేల నుంచి ఒకటిన్నర మీటర్ల ఎత్తున కన్ను ఉన్న మనిషికి కళ్ళు జిగేలుమనకుండా వెలుగు కిందికి వాలి ఉండాలని అందులో ఉంది. అంటే దాదాపు ఎదురుగా కారులోనో, బైకు మీదో వచ్చే మనిషి కన్ను ఉండే చోటు. మీ వయసు వారికి పాత అంబాసిడర్ల, లారీల హెడ్‌లైట్ల మీద నల్లరంగు బొట్టు పెట్టించిన రోజులు గుర్తుండే ఉంటాయి. ఉద్దేశం అప్పుడూ ఇదే. హెచ్4 అనే పేరు అంతర్జాతీయ ప్రమాణాల్లో తీగ ఉన్న బల్బుకు మాత్రమే చెందుతుంది. ఎల్ఈడీ అడుగు భాగాన్ని అదే హోల్డరులో పట్టేలా చేసి పెట్టె మీద హెచ్4 అని రాసినంత మాత్రాన అది హెచ్4 కాదు. ఈ మాట తనిఖీ చేసేవారికీ, అమ్మేవారికీ గట్టిగా తెలియాలని నా కోరిక.

ప్రశ్న: హోల్డరు, బల్బు అన్నీ సరిగా ఉన్నా ఎదుటివాళ్ళు నాకు లైట్లు కొడుతున్నారు. హెడ్‌లైట్ ఎత్తు ఇంట్లో ఎలా చూసుకోవాలి? (ఒక గృహిణి, కారు నడుపుతారు, నెల్లూరు)

జవాబు: టైర్లలో గాలి సరిచూసి, డ్రైవరు సీట్లో ఒకరిని కూర్చోబెట్టి, చదునైన చోట గోడకు ఎదురుగా సరిగ్గా పది మీటర్ల దూరంలో బండి నిలపండి. హెడ్‌లైట్ బల్బు నడిమి ఎత్తును నేల నుంచి టేపుతో కొలిచి, గోడ మీద అదే ఎత్తున సుద్దముక్కతో అడ్డగీత గీయండి. దానికి పది సెంటీమీటర్ల కింద ఇంకో గీత గీయండి. చీకటి పడ్డాక డిమ్ వెలిగిస్తే వెలుగు పై అంచు ఈ రెండో గీత మీద ఉండాలి, ఎడమ చివర మాత్రం కొంచెం పైకి లేస్తుంది. అంచు పై గీతను దాటితే హెడ్‌లైట్ వెనకనున్న సర్దుబాటు స్క్రూను కొద్దికొద్దిగా తిప్పండి. డాష్‌బోర్డు మీద 0 నుంచి అంకెలున్న చిన్న చక్రం ఉంటే, ఈ పరీక్షంతా దాన్ని 0 దగ్గర ఉంచి చేయాలి. వెనక సీట్లో ముగ్గురు, డిక్కీలో సామాను ఉన్న రోజున ఆ చక్రాన్ని 2 లేదా 3కు తిప్పితే వెలుగు మళ్ళీ కిందికి దిగుతుంది. అంచు ఎక్కడా స్పష్టంగా కనిపించక, గోడంతా మసకగా వెలుగు పరుచుకుని ఉంటే మాత్రం స్క్రూ తిప్పి లాభం లేదు. లోపల రిఫ్లెక్టర్‌కు సరిపడని బల్బు ఉందని, లేదా బల్బు తన గాడిలో సరిగా కూర్చోలేదని అర్థం. మూత తీసి, బల్బు మూడు చెవులూ గాడుల్లో పడ్డాయో లేదో చూసి మళ్ళీ బిగించండి.